మందారం మీద పిండి, లాన్‌లో ఎండు మచ్చలు

కడియపులంక,
జూలై, ఆదివారం రాత్రి.

బావా,

నువ్వు పంపిన ఫొటోలు రాత్రి పెద్దవి చేసి మళ్లీ మళ్లీ చూశాను. మందారం చిగుళ్లు ముడుచుకుపోయాయి, కొమ్మలంతా పిండి చల్లినట్టుంది. ఇంటిముందు లాన్ అక్కడక్కడా ఎండిపోయింది. వచ్చే ఆదివారం మందు కొట్టే మనిషిని పిలిచి అన్నిటికీ ఒకేసారి కొట్టించేస్తానన్నావు. ఆ మాటకే నాకు టెన్షన్ పట్టుకుంది. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

మందారానికి పట్టింది పిండినల్లి. దాని ఒంటిమీద మైనం పొర ఉంటుంది, పైపైన కొట్టిన మందు జారిపోతుంది. అది చెట్టు రసం పీల్చి తియ్యటి జిగురు వదులుతుంది. ఆ తీపి కోసం చీమలు చేరతాయి, జిగురు పడిన ఆకుల మీద నల్లగా మసి పడుతుంది. మా నర్సరీలో ఏ మొక్కకు పిండి కనిపించినా నేను ముందు చీమల దారే వెతుకుతాను. చీమలు కాపలా ఉన్నంతకాలం పిండినల్లిని తినే పురుగుల్ని దగ్గరికి రానివ్వవు. కాండం చుట్టూ గుడ్డ పేలిక కట్టి, దాని మీద గ్రీజు పూయి. గోడకు తగిలే కొమ్మల్ని కత్తిరించు, లేకపోతే చీమలు గోడ మీదుగా ఎక్కేస్తాయి. ముడుచుకున్న చిగుళ్లు తుంచి సంచిలో మూటకట్టి పారెయ్, చెట్టు కింద మాత్రం పడెయ్యకు.

ఇప్పుడు అసలు విషయం. నీ మూడో ఫొటోలో కుడి మూల, పిండినల్లి కంటే పెద్దగా, ఒంటినిండా తెల్లటి పోగులు వేలాడుతున్న పురుగు ఒకటి ఉంది. చూడగానే ఇదే పెద్ద పిండినల్లి అనుకుంటాం. కాదు బావా, అది క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు పిల్ల. పిండినల్లిని గుడ్లతో సహా తినేది అదే. పెద్దదయ్యాక నల్లటి రెక్కలతో, నారింజ రంగు తలతో చిన్న పెంకుపురుగులా ఉంటుంది. కాఫీ తోటల్లో పొలుసు పురుగు కోసం 1898లో దీన్ని ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెచ్చారు. ఇక్కడ బాగా పనికొచ్చింది మాత్రం పిండినల్లి మీదే. తేడా తెలుసుకోవడం తేలిక: కదిపితే పిండినల్లి బద్ధకంగా ఉంటుంది, ఇది చకచకా పరిగెత్తుతుంది.

ఈ తేడా తెలియక నేను ఒక ఏడాది క్రోటన్ల మడి మొత్తం పోగొట్టుకున్నాను. తెల్లగా కనిపించిందల్లా శత్రువే అనుకుని వారం వారం మందు కొట్టించాను. అక్షింతల పురుగులు పోయాయి, పిండినల్లి ఆకుల మడతల్లో దాక్కుని బతికింది. పక్క మడిలో గులాబీలకు ఎర్రనల్లి కూడా విరగబడింది, ఎందుకంటే దాన్ని తినేవి కూడా అదే మందుకు చచ్చాయి. ఆ మొక్కలన్నీ పీకి తగలబెట్టించిన రోజు ఇంకా కళ్ల ముందే ఉంది.

2008లో మన దేశానికి కొత్తగా వచ్చిన బొప్పాయి పిండినల్లి కథ కూడా ఇలాంటిదే. బొప్పాయితో ఆగకుండా మందారాల్నీ ముసిరింది. మందులతో లొంగలేదు. 2010లో పోర్టోరికో నుంచి తెప్పించిన చిన్న పరాన్నజీవి కందిరీగను తోటల్లో వదిలాకే దిగొచ్చింది.

ఇక లాన్. మచ్చ అంచున గడ్డి పిడికిట పట్టి లాగి చూడు. వేర్లు తెగి చాపలా లేచివస్తే కింద వేరుపురుగు ఉన్నట్టే. గట్టిగా ఉంటే నీటి ఎద్దడో, తెగులో, కుక్క మూత్రమో అయ్యుంటుంది, దానికి పురుగుల మందు శుద్ధ దండగ. పొద్దున్నే గోరింకలు, కొంగలు లాన్ తవ్వుతున్నాయని చెల్లెమ్మ అన్నదని రాశావు కాబట్టి నాకు వేరుపురుగు మీదే అనుమానం. తొలకరి వానలకు పెంకుపురుగులు సాయంత్రం మట్టిలోంచి లేచి వేప, మునగ ఆకులు తింటాయి, తర్వాత మట్టిలో గుడ్లు పెడతాయి. ఆ గుడ్లలోంచి వచ్చే పిల్లలే ఈ వేరుపురుగులు. లాన్ వేసినప్పుడు సరిగా చివకని పేడ ఎరువు పోశారేమో, దాంట్లోనూ వస్తాయి.

అడుగు చదరం గడ్డి కోసి, నాలుగంగుళాల లోతు మట్టి తీసి వేరుపురుగుల్ని లెక్కపెట్టు. అలా నాలుగైదు చోట్ల చెయ్యి. చోటుకి అయిదు లోపు ఉంటే ఆరోగ్యంగా ఉన్న గడ్డి తట్టుకుంటుంది, నీళ్లు సరిగా పెట్టి, గడ్డి మరీ పొట్టిగా గొరగకుండా ఉంటే చాలు. పురుగు కనిపించగానే కాదు, నష్టం చేసేంత ఉన్నప్పుడే మందు అన్న ఈ లెక్కను 1959లో కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు రాసిపెట్టారు. సమగ్ర సస్యరక్షణకు పునాది అదే. లెక్క దాటితే మెటారైజియం అనే మేలు చేసే బూజును బాగా చివికిన ఎరువులో కలిపి, సాయంత్రం తడి మట్టిలో వేయించు. ఇప్పుడు పిల్ల పురుగులు కాబట్టి పని చేస్తుంది. చలికాలానికి బలిసిపోతే ఏదీ అంత తేలిగ్గా పట్టదు. బూజు తెగులు మందులు మాత్రం దానితో కలపొద్దు.

మందారానికి తప్పదనుకుంటే, అక్షింతల పురుగు లేని కొమ్మలకే, లీటరు నీళ్లలో అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు కలిపి ఎండ తగ్గాక ఆకు అడుగున తగిలేలా కొట్టు. యూరియా ఆపు. లేత చిగుళ్లు ఎక్కువైతే పేనుబంక కూడా వస్తుంది. కొత్త మొక్క కొన్నా, అది మా దగ్గరిదైనా సరే, మూడు వారాలు విడిగా ఉంచి చూడు.

ఆ మందు మనిషికి రావద్దని రేపే ఫోన్ చెయ్యి. గడ్డి కోసి లెక్కపెట్టాక సంఖ్య నాకు చెప్పు, మెటారైజియం కావాలంటే బస్సులో పంపుతాను. ఆ తెల్ల పోగుల పురుగున్న కొమ్మ జోలికి ఎవరినీ రానివ్వకు. చెల్లెమ్మను, పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ బావ