ఆయకట్టు లేని కట్టలకు కాపలా ఎవరు?

సంపాదకులకు నమస్కారం.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు నీరు సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట ప్రాంతాలను ముంచెత్తిన నాటి నుంచి విజయవాడ వరద రక్షణ మీద జరుగుతున్న చర్చ ఎక్కువగా ఆక్రమణలు, కాలువ వెడల్పు, కొత్తగా కట్టవలసిన కాంక్రీటు గోడల చుట్టూనే తిరుగుతోంది. అవి అవసరమైన విషయాలే గాని, ఆ నీరు మన వీధుల్లోకి ఏ దారిన వచ్చిందో మాత్రం మరుగున పడుతోంది. వెలగలేరు రెగ్యులేటరు దగ్గర నుంచి బుడమేరు వరదను కృష్ణలోకి మళ్లించే డైవర్షన్ ఛానల్ ఎడమ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. ఆ గట్టు మట్టిది. అదే సమయంలో కృష్ణలోనూ వరద పెరుగుతూ వచ్చి, సెప్టెంబర్ 2 నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. చివరికి సైన్యం సాయం కూడా తీసుకుని గండ్లు పూడ్చవలసి వచ్చింది. ఇలాంటి చిన్న మట్టికట్టల భద్రత గురించి, నీటిపారుదల పనుల్లో ఉద్యోగ జీవితం గడిపిన వాడిగా, కొన్ని విషయాలు మీ పత్రిక ద్వారా పాఠకుల ముందు, అధికారుల ముందు ఉంచదలిచాను.

సాగునీటి చెరువు కట్టకు ప్రత్యేకంగా కాపలా పెట్టకపోయినా దాని కింద ఆయకట్టు, అంటే ఆ నీటితో సాగయ్యే పొలం, ఉంటుంది. పొలాలకు నీరు వదిలే తూము దగ్గర ఊట పెరిగినా, అదనపు నీరు పొర్లిపోయే అలుగు రాళ్లు కదిలినా, వాలు జారినా మొదట తెలిసేది రైతుకే, ఎందుకంటే పోయేది అతని పంట. 1997 నాటి చట్టం కింద ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాలు ఎంత బాగా పనిచేశాయన్నది వేరే చర్చ గాని, కట్ట సంగతేమిటని అడిగే హక్కున్న మనిషి అక్కడ ఒకడుంటాడు. వరదను నిలవేయడానికో మళ్లించడానికో కట్టిన కట్టకు ఆ భాగ్యం లేదు. ఏడాదిలో ఎక్కువ రోజులు అది పొడిగానే ఉంటుంది, కొన్నిసార్లు వరుసగా రెండు మూడేళ్లు దాని పాదం కూడా సరిగా తడవదు. నీరు తాకని కట్టలో లోపం బయటపడదు. నిండు వరద వచ్చిన రాత్రే దానికి పరీక్ష, ఆ రాత్రే ఫలితం కూడా.

చట్టం సంగతి చూద్దాం. 2021 డిసెంబర్ 30 నుంచి అమల్లో ఉన్న ఆనకట్టల భద్రతా చట్టం మంచి చట్టమే. దాని పరిధిలోని ఆనకట్టలకు వర్షాకాలానికి ముందు ఒకసారి, తరువాత ఒకసారి తనిఖీ తప్పనిసరి, అత్యవసర కార్యాచరణ ప్రణాళిక కూడా తప్పనిసరి. అయితే ఆ పరిధిలోకి రావాలంటే ఆనకట్ట ఎత్తు 15 మీటర్లు దాటాలి. 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉంటే, కట్ట పొడవు కనీసం 500 మీటర్లు, లేదా నిల్వ సామర్థ్యం కనీసం 10 లక్షల ఘనపు మీటర్లు, లేదా గరిష్ఠ వరద విడుదల సెకనుకు కనీసం 2,000 ఘనపు మీటర్లు ఉండాలి. పునాదిలో ప్రత్యేకమైన చిక్కులున్నవి, నమూనా అసాధారణంగా ఉన్నవి కూడా ఈ ఎత్తుల్లో లెక్కకు వస్తాయి. 10 మీటర్లు దాటని కట్టకు మాత్రం, దాని కింద ఎన్ని వేల ఇళ్లున్నా, ఈ చట్టంలో చోటు లేదు. కొలబద్ద కట్టకు పెట్టారు గాని కట్ట కింది జనానికి పెట్టలేదు.

కింద ఎవరున్నారో చూసి కట్ట బలాన్ని నిర్ణయించడం మన ఇంజినీరింగుకు కొత్త కాదు. 1985 నాటి భారతీయ ప్రమాణం ఐఎస్ 11223 చిన్న ఆనకట్టను సాధారణంగా వందేళ్లకోసారి వచ్చే వరదకు లెక్కగట్టమంటూనే, దిగువన నష్టం ఎక్కువగా ఉండే చోట అంతకంటే పెద్ద వరదను తీసుకోవచ్చని చెబుతోంది. వందేళ్లకోసారి వచ్చే వరద అంటే ఏ ఏడాదైనా వచ్చే అవకాశం నూటికి ఒకటి కాబట్టి, 30 ఏళ్లలో ఒక్కసారైనా వచ్చే అవకాశం నూటికి 26 అవుతుంది. కట్టిన నాడు పొలాలున్న చోట ఇవాళ కాలనీ వెలిసిందంటే ఆ లెక్క మళ్లీ వేయాలి.

మట్టికట్ట తెగడానికి ముఖ్యమైన దారులు రెండు. మొదటిది నీరు పైనుంచి పొర్లడం. కాంక్రీటు ఆనకట్ట కొంతసేపు పొర్లినా నిలబడవచ్చు గాని, మట్టికట్ట వెనుక వాలు ఆ కోతను తట్టుకోలేదు. పొర్లడం కట్ట పొడవునా ఒకేసారి మొదలు కాదు, అన్నిటికంటే పల్లంగా ఉన్న చోట మొదలవుతుంది. ఆ పల్లం ఎలా ఏర్పడుతుందో కట్ట మీద నడిచే వారికి తెలుసు. గేదెలు రోజూ ఎక్కి దిగే దారి, ట్రాక్టర్లు అడ్డదారిగా వాడుకునే చోటు, ఎవరో ఇంటి మెరక కోసం రాత్రికి రాత్రి పొక్లెయిన్ పెట్టి గ్రావెల్ తోడుకుపోయిన చోటు. కాగితం మీద ఎన్ని మీటర్లు రాసుకున్నా, ఆ కట్ట అసలు ఎత్తు గేదెల దారి ఎత్తే. అలుగుల పరిస్థితీ ఇలాగే ఉంటుంది. అడుగు నీరు అదనంగా నిలుస్తుందని ఇసుక బస్తాలు పేరుస్తారు, చేపలు పోతాయని ఇనుప జాలీ కడతారు, వరదలో కొట్టుకొచ్చిన గుర్రపుడెక్క ఆ జాలీకి పట్టుకుని అలుగు సగం మూసుకుపోతుంది.

రెండోది లోపలి కోత. మట్టికట్టలో ఎంతో కొంత ఊట ఉండడం సహజం, అది తేటగా ఉన్నంతవరకు గమనిస్తూ ఉంటే చాలు. ఊట బురదగా మారిందంటే కట్ట లోపలి మట్టి బయటికి వచ్చేస్తోందని అర్థం. పందికొక్కుల బొరియలు, తూము గోడకూ మట్టికీ మధ్య సందులు, చచ్చిన చెట్ల వేళ్లు కుళ్లి వదిలిన ఖాళీలు ఈ కోతకు దారిస్తాయి. ఏటా వర్షాకాలానికి ముందు కంప కొట్టించి బిల్లు పెట్టడం ఆనవాయితీగా జరుగుతోంది గాని, పెద్ద చెట్టు కొట్టినప్పుడు మొద్దును వేళ్లతో సహా తీసి, గుంతను పొరలు పొరలుగా తడిపి దిమ్మిస కొడితే తప్ప ఆ పని పూర్తయినట్టు కాదు. మన నల్లరేగడికి మరో గుణం ఉంది. ఎండలకు నెర్రెలిస్తుంది. నెలల తరబడి తడి ఎరగని వరద కట్టలో ఆ నెర్రెలు లోతుగా దిగుతాయి, తొలి వరద నీరు వాటిలోకే చొరబడుతుంది.

2021 నవంబర్ 19న అప్పటి కడప జిల్లా రాజంపేట ప్రాంతంలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. ఎగువన పింఛ ప్రాజెక్టు కట్ట తెగి వచ్చిన నీరు కూడా వరదకు తోడై, గేట్ల ద్వారా పోగలిగిన దానికంటే ఎక్కువ నీరు వచ్చి కట్ట మీదుగా పొర్లింది. దిగువన పులపత్తూరు, మందపల్లి వంటి ఊళ్లు ఎంత నష్టపోయాయో రాష్ట్రమంతా చూసింది. అంతకు రెండేళ్ల ముందు, 2019 జూలై 2 రాత్రి, మహారాష్ట్ర రత్నగిరి జిల్లాలో తివరే అనే చిన్న మట్టి ఆనకట్ట తెగి 20 మందికి పైగా చనిపోయారు. కట్ట కారుతోందని గ్రామస్థులు ముందే మొరపెట్టుకున్నారు. తెగిన తరువాత అప్పటి రాష్ట్ర మంత్రి ఒకరు నేరం పీతల మీదికి నెట్టారు. పీతలు బొరియలు చేయడం నిజమే కావచ్చు, వాటిని పూడ్చే బాధ్యత పీతలది కాదు గదా!

ప్రమాద సమయంలో ఏం చేయాలో తెలిసిన మనుషులు కూడా తగ్గిపోతున్నారు. బురద ఊట ఉబుకుతున్న చోట మట్టి కుమ్మరించి నొక్కేయాలని ఎవరికైనా తోస్తుంది. అలా చేస్తే నీరు పక్కన మరో దారి వెతుక్కుంటుంది. ఊట చుట్టూ ఇసుక బస్తాలతో గుండ్రంగా గోడ కట్టి నీటిని కొంత ఎత్తు నిలవనివ్వాలి, ఇసుక మీద కంకర పరిచి మట్టిని ఆపి నీటిని పోనివ్వాలి. ఇది చేత్తో చేసి నేర్చుకునే పని. కట్టల మీద, కాలువల మీద కాపలా తిరిగిన అనుభవమున్న పాత లస్కర్లు ఒక్కొక్కరే పదవీ విరమణ చేస్తున్నారు.

జలవనరుల శాఖను, ఎన్టీఆర్ జిల్లా యంత్రాంగాన్ని, నగరపాలక సంస్థను కోరేదేమిటంటే, ఎత్తుతో నిమిత్తం లేకుండా, కింద నివాసాలున్న ప్రతి మట్టికట్టను ఒక జాబితాలో చేర్చి, పెద్ద ఆనకట్టలకు చట్టం విధించిన రెండు తనిఖీలను వాటికీ వర్తింపజేయాలి. పార్లమెంటు చట్టాన్ని సవరించే దాకా ఆగనక్కర లేదు, రాష్ట్ర ప్రభుత్వం ఒక ఉత్తర్వుతో ఈ పని మొదలుపెట్టగలదు. ఆయకట్టు లేని కట్టకు దాని కింది కాలనీలే ఆయకట్టు అనుకుని, తనిఖీకి వెళ్లేటప్పుడు అక్కడి నివాసుల ప్రతినిధులను వెంట తీసుకెళ్లాలి. ఇలా బయటపెడితే జనం భయపడతారని, స్థలాల ధరలు పడిపోతాయని కొందరు అభ్యంతరం చెప్పవచ్చు. 2024లో రోజుల తరబడి మేడల మీద తాగునీటి కోసం ఎదురుచూసిన కుటుంబాలకు ఆ అభ్యంతరం ఏ మాత్రం రుచించదని నా అభిప్రాయం.

అన్నిటికంటే ముందు చేయదగిన పని కట్టపై లెవెల్ సర్వే, అంటే కట్ట పైభాగం ఎక్కడ ఎంత ఎత్తుందో కొలవడం. ఒక చిన్న బృందం కొద్ది రోజుల్లో పూర్తి చేయగల ఈ పనికి పెద్దగా ఖర్చు లేదు. ఏటా ఏప్రిల్‌లో సర్వే ముగించి, పల్లంగా తేలిన చోట్లను, వాటిని జూన్ లోగా మెరక చేయవలసిన ఇంజినీరు హోదాను, ఫోన్ నంబరును ఆయా వార్డు సచివాలయాల గోడ మీద అతికించాలని కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత నీటిపారుదల ఇంజినీరు,
సత్యనారాయణపురం, విజయవాడ.