మూల కుర్చీలోని పెద్దాయనకు

గైడ్ వెంట లండన్ పాత పబ్‌లు చూస్తూ నడుస్తున్నాం. ఫ్లీట్ స్ట్రీట్‌లో, 1666 అగ్నిప్రమాదం తర్వాత మరుసటి ఏడే తిరిగి కట్టిన చెషైర్ చీజ్ అనే పబ్ చూసి, ఇంకో పబ్‌లోకి వెళ్లగానే నాన్నకి షుగర్ పడిపోయింది. ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు. నా బ్యాగులో ఒక్క చాక్లెట్టూ లేదు.

మీరు అడక్కుండానే లేచి, నాన్నని మీ కుర్చీలో కూర్చోబెట్టారు. ఆరెంజ్ జ్యూస్ తెచ్చి గుక్కగుక్కగా తాగించారు. ఆయన తేరుకున్నాక చిప్స్ ప్యాకెట్‌ని నిలువునా చీల్చి, విస్తరాకులా టేబుల్ మీద పరిచారు. పబ్‌లో నలుగురూ పంచుకు తినే పద్ధతి అదేనట! నాన్న నవ్వింది అప్పుడే.

ఈలోగా మీ గ్లాసులో బీరు నురగంతా దిగిపోయింది. ఇంకోటి తెప్పిస్తానంటే చెయ్యి అడ్డం పెట్టారు. ఆ టెన్షన్‌లో మీ పేరైనా అడగలేదు. చాలా థాంక్సండీ, పెద్దాయనా.