2024–25 వార్షిక నివేదిక: మానసిక ఆరోగ్య సమాచారం, మన గ్రంథాలయ గదిలో జరిగిన పని

గౌరవనీయులైన సంఘ సభ్యులకు నమస్కారం.

కార్యవర్గం తరఫున ఈ ఏడాది నివేదికను మీ ముందు ఉంచుతున్నాను. మంచినీటి పైపుల మరమ్మతులు, వీధి దీపాలు, పార్కు నిర్వహణ, జమాఖర్చుల వివరాలు ఆడిటరు నివేదికతో కలిపి ఇప్పటికే మీకు అందాయి కనుక వాటిని ఇక్కడ మళ్లీ ఎత్తుకోవడం లేదు. మన గ్రంథాలయ గదిలో ఈ ఏడాది ఒక కొత్త పని మొదలైంది. మానసిక ఆరోగ్యం గురించి ఫోనులో దొరికే సమాచారంలో దేన్ని నమ్మవచ్చో, దేన్ని నమ్మకూడదో సభ్యులు కలిసి కూర్చుని పరిశీలించారు. ఈ నివేదిక మొత్తం దాని గురించే.

ఈ పనికి కారణం మన కాలనీలోని ఒక కుటుంబానికి ఎదురైన కష్టం. వారి అనుమతితోనే, పేరు లేకుండా రాస్తున్నాను. ఆ ఇంటి పెద్దావిడ బైపోలార్ సమస్యకు, అంటే కొన్నాళ్లు అతి ఉత్సాహం, కొన్నాళ్లు తీవ్రమైన దిగులు ఉండే జబ్బుకు, చాలా ఏళ్లుగా లిథియం అనే మందు వాడుతున్నారు. లిథియం కిడ్నీలను పాడుచేస్తుందని, వెంటనే మానేయాలని చెప్పే తెలుగు వీడియో ఒకటి బంధువుల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. అది చూసి ఆమె ఎవరికీ చెప్పకుండా మాత్రలు ఆపేశారు. కొన్ని వారాలకు నిద్ర కరువైంది, మాట ఆగలేదు, చివరికి ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. ఆ వీడియోలో చెప్పింది పూర్తిగా అబద్ధమైతే ఇంట్లోవారు ఎవరో ఒకరు పట్టుకునేవారు. దీర్ఘకాలం వాడితే లిథియం కొందరిలో కిడ్నీల మీద, థైరాయిడ్ మీద ప్రభావం చూపుతుందన్నది నిజమే. అందుకే రక్తంలో లిథియం స్థాయి, కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలను వైద్యులు క్రమం తప్పకుండా చేయిస్తారు. హఠాత్తుగా ఆపితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉంది. వీడియోలో ఈ రెండో సగం లేదు.

ఆ తరువాత ఆదివారాలు గ్రంథాలయ గదిలో సమావేశమై, ఒకే ప్రశ్నను తెలుగులోనూ ఇంగ్లీషులోనూ టైపు చేసి, వచ్చిన ఫలితాలను పక్కపక్కన పెట్టి చూశాము. మా అందరినీ బాధపెట్టిన విషయం అక్కడే తెలిసింది. డిప్రెషన్ గురించి ఇంగ్లీషులో అడిగితే ప్రపంచ ఆరోగ్య సంస్థ పేజీలు, వైద్య కళాశాలల పేజీలు ముందు వచ్చాయి. తెలుగులో అడిగితే ఎవరు చెబుతున్నారో తెలియని వీడియోలు, నరాల బలహీనతకు చూర్ణాల ప్రకటనలు, జాతక పరిహారాలు వాటికంటే ముందు కనిపించాయి. పైగా మన పెద్దలు డిప్రెషన్ అని టైపు చేయరు. ‘మనసు బాగోలేదు’, ‘ఊరికే భయం’, ‘గాలి సోకింది’ అని టైపు చేస్తారు. ఏ మాటతో వెతికితే ఆ మాటను వాడేవారి దగ్గరికే ఫోను తీసుకువెళుతుంది. గాలి సోకిందని అడిగినవారికి వైద్యుడు ఎదురుకావడం చాలా అరుదు. ఇది ఆ పెద్దల తప్పు కాదని, వారి భాషలో సరైన సమాచారం తగినంత లేకపోవడమే అసలు లోపమని కార్యవర్గం గట్టిగా భావిస్తున్నది.

పరిశీలనకు ఒక పద్ధతి అవసరమైంది. చికిత్సల గురించిన సమాచారం ఎంత నాణ్యంగా ఉందో సామాన్యులే తేల్చుకునేందుకు ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రూపొంది 1999లో వెలువడిన డిసర్న్ అనే 16 ప్రశ్నల పట్టికను ఆధారంగా తీసుకున్నాము. సభ్యులలోని విశ్రాంత ఉపాధ్యాయులు అందులో మనకు పనికొచ్చే ప్రశ్నలను తేలిక తెలుగులో రాసి ఇచ్చారు. ఈ మాటకు ఆధారం ఎక్కడిది, ఎప్పుడు రాశారు, మేలుతో పాటు ముప్పు కూడా చెప్పారా, చికిత్స తీసుకోకపోతే ఏమవుతుందో చెప్పారా, ఇంకా తేలని విషయాలను తేలలేదని ఒప్పుకున్నారా అన్నవి వాటిలో ముఖ్యమైనవి. లిథియం వీడియోను ఈ ప్రశ్నల ముందు పెడితే ఒక్కదానికీ జవాబు లేదు. దాని చివర మాత్రం మందు తెప్పించుకోవడానికి ఒక ఫోను నంబరు ఉంది. సలహా ఇచ్చినవారే సరుకు కూడా అమ్ముతుంటే ఆ సలహాను పక్కన పెట్టాలన్నది మేము సొంతంగా చేర్చుకున్న నియమం.

ముద్రలను చూసి నమ్మడం గురించి ఒక మాట. ఆరోగ్య వెబ్‌సైట్ల నాణ్యతకు గుర్తుగా చాలా ఏళ్లు చలామణీ అయిన హాన్‌కోడ్ ముద్రను, దాన్ని ఇచ్చే జెనీవా సంస్థ 2022 డిసెంబరులో నిలిపివేసింది. ఇప్పుడు ఎక్కడైనా ఆ ముద్ర కనిపిస్తే అది పాతది.

‘మానసిక జబ్బు మందులన్నీ అలవాటైపోతాయి’ అన్న మాట తెలుగు వీడియోల్లో మాకు మళ్లీ మళ్లీ వినిపించింది. దీని మీద ఒక ఆదివారం పూర్తిగా గడిపాము, ఎందుకంటే ఎక్కువమంది మందులు మానేయడానికి కారణం ఇదే. అల్ప్రజోలం వంటి నిద్రకు, ఆందోళనకు ఇచ్చే మాత్రలకు అలవాటు పడే గుణం నిజంగా ఉంది. డిప్రెషన్‌కు ఇచ్చే మందులు వేరు. వాటి కోసం తపన పుట్టదు, అయితే ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చికాకు, నిద్ర చెదరడం వంటివి రావచ్చు కనుక వైద్యుడి సలహాతో మెల్లగా తగ్గించాలి. వాటి గుణం కనిపించడానికి సాధారణంగా కొన్ని వారాలు పడుతుంది. మొదటి వారంలోనే ఫలితం లేదని మానేసినవారు మనలోనే ఉన్నారు. ఈ రెండు రకాలను కలిపేసి మాట్లాడే పేజీని నమ్మకూడదని తీర్మానించుకున్నాము.

చెప్పేవారు ఎవరన్నది కూడా తెలుసుకోవాలి. మనం వాడుకలో అందరినీ సైకాలజిస్టు అనేస్తాము. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ చదివి ఆ పైన మానసిక వైద్యంలో శిక్షణ పొందినవారు, మందులు రాయగలరు. వారి పేరు వైద్య మండలి రిజిస్టరులో ఉంటుంది. క్లినికల్ సైకాలజిస్టు మాటల ద్వారా చికిత్స చేస్తారు, వారికి భారత పునరావాస మండలి నమోదు ఉండాలి. నమోదు సంఖ్య అడగడం అమర్యాద కాదని సభ్యులకు మనవి.

డిప్రెషన్‌ను గుర్తించేందుకు వాడే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9 పట్టిక చాలా చోట్ల దొరుకుతుంది. గత రెండు వారాల స్థితిని బట్టి 0 నుంచి 27 వరకు మార్కులు వస్తాయి. 10 లేదా అంతకంటే ఎక్కువ వస్తే వైద్యుడిని కలవడం మంచిదని దాని అర్థం, జబ్బు ఖాయమైందని కాదు. ఇలాంటి పరీక్ష పూర్తయ్యాక ఫలితం చూపించడానికి ఫోను నంబరు అడిగితే అక్కడే ఆపేయండి. ఖాతాదారుల ఆరోగ్య వివరాలను ప్రకటనల కోసం బయటి కంపెనీలకు ఇచ్చినందుకు ఒక పెద్ద ఆన్‌లైన్ కౌన్సెలింగ్ సంస్థ 78 లక్షల డాలర్లు చెల్లించాలని 2023లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆదేశించింది. పిల్లలు ఇప్పుడు కృత్రిమ మేధ యాప్‌లను అడుగుతున్నారు. అవి తెలియనిదాన్ని కూడా తెలిసినంత ధీమాగా చెప్పగలవు కనుక పై ప్రశ్నలన్నీ వాటికీ వర్తిస్తాయి.

వెతికే ఓపిక లేనప్పుడు నేరుగా అడగడానికి టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య ఫోను సేవ ఉంది. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం దీన్ని ప్రారంభించింది. 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. బతకాలని లేదన్న మాట ఇంట్లో ఎవరి నోట విన్నా ఆ క్షణమే ఈ నంబరుకు చేయండి, వారిని ఒంటరిగా వదలకండి, ప్రాణాపాయం కనిపిస్తే 108 లేదా 112కు చేయండి. ఇలా చెబితే పోలీసు కేసు అవుతుందేమోనని ఒక సభ్యురాలు భయపడ్డారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షను ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లు భావించాలి, శిక్షించకూడదు. ఆదుకోవలసిన బాధ్యత ప్రభుత్వానిది.

ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం మనకు ఇంత దగ్గరలో ఉంది. అయినా ఆ ఊరి పేరును మనం తిట్టుగా వాడుతూ వచ్చాము. ఆ తిట్టు వింటూ పెరిగిన పిల్లవాడు రేపు తనకు కష్టం వస్తే అక్కడి ఓపీకి ఎలా వెళతాడు? మన సమావేశాల్లో, మన వాట్సాప్ గ్రూపులో ఆ వాడుకను మానుకోవాలని కార్యవర్గం చేసిన తీర్మానాన్ని మీ ఆమోదానికి పెడుతున్నాను.

వచ్చే ఏడాదికి ఒక్క పనే తలపెట్టాము. డిప్రెషన్, ఆందోళన, బైపోలార్, స్కిజోఫ్రీనియా, మతిమరుపు జబ్బు, మద్యం వ్యసనం గురించి పరిశీలించి సరైనవని తేలిన తెలుగు పేజీలను, వీడియోలను ఒక దస్త్రంలో చేర్చి, చూసిన తేదీ వేసి గ్రంథాలయ గదిలో ఉంచుతాము. ప్రతి ఆరు నెలలకు వాటిని మళ్లీ పరిశీలిస్తాము. మానసిక వైద్యులొకరు చదివి సరిచూడడానికి ఒప్పుకున్నారు. పెద్ద అక్షరాల్లో అచ్చు వేసిన ప్రశ్నల కాగితం ఈ నివేదికతో పాటు ప్రతి ఇంటికీ అందుతుంది. అందులో తప్పు కనిపిస్తే గ్రంథాలయ గదిలోని రిజిస్టరులో రాయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి