ముందు టేపు, ఆనక క్యాబినెట్

కడప,
ఆదివారం పొద్దుగూకే వేళ

ఏం బ్బా, ఎట్లుండావ్?

నీ ఉత్తరం చూస్తే నవ్వొచ్చింది. పైపుల్లో నీళ్లు తిప్పి వేడి దించే వాటర్ కూలింగ్ కంప్యూటర్ కట్టుకుంటా, దాని పెట్టె, అదే క్యాబినెట్, ఏదైతే బాగుంటాదో చెప్పమని రాసి, ఆరు ఫొటోలు పెట్టినావు. ఆరింటికీ ముందరంతా అద్దమే! గాలి యాడనుంచి పోవాల సామీ?

నేనూ పోయినేడు ఇట్లే పడినా. లైట్లు చూసి కొనేసినా. పైన 360 రేడియేటర్ (నీళ్ల వేడిని గాలికొదిలే రేకుల పలక) పడతాదని డబ్బా మీద రాసుంటే నమ్మినా. రేడియేటర్ పట్టింది, నిజమే. ఫ్యాన్లు బిగించబోతే మదర్‌బోర్డు మీది ర్యామ్ నెత్తికి తగులుకున్యాయి. రేడియేటర్ మందం 30 మిల్లీమీటర్లు, ఫ్యాను 25, మొత్తం 55. ఆడ 40 కూడా లేదు. మా నాయన మంచం మీదనుంచే చూసి, "గుమ్మం కొలవకుండా తలుపు చేయించినావా?" అన్నాడు. ఆ పొద్దు అన్నం సయించలేదు.

360 అంటే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు మూడు, అంతే బ్బా. రెండు కొసలా నీళ్లు నిలిచే తొట్లను కూడా కలిపితే రేడియేటర్ పొడవు 400 దగ్గరికి పోతాది. ముందరపక్క పెడితే గ్రాఫిక్స్ కార్డు జాగాలో 55 పాయె. 60 మందంది కావాలంటే ఫ్యానుతో కలిపి 85. మళ్లా పంపు, ట్యాంకు, పైపు మలుపులు మిగిలే ఉండాయి. అద్దం మీద నాకేం పగ లేదులే. 2018లో వచ్చిన లియాన్ లీ కంపెనీ క్యాబినెట్ ఓ11 డైనమిక్‌దీ అద్దమే. కానీ పవర్ సప్లైని మదర్‌బోర్డు వెనక గదిలోకి తోసేసినారు కాబట్టి పైన, పక్కన, కింద మూడు 360లు పడతాయి.

ఇంగ మన ఎండ సంగతి. నీళ్లు వాటంతట అవి చల్లబరచవు, వేడిని మోసుకపోయి రేడియేటర్ కాడ దించుతాయి. మే నెలలో గది 40 డిగ్రీలుంటే పైపులో నీళ్లు అంతకంటే కిందికి దిగవు. శానామంది వాడే డీ5 పంపుకు నీళ్ల వేడి 60 దాటకూడదు. బెంగుళూరోళ్లకు ఉండే వెసులుబాటు మనకు లేదు. అందుకే రేడియేటర్లకు జాగా ఎక్కువుండే క్యాబినెట్ తీసుకో, ముందర జాలీ ఉండేది చూడు. దుమ్ము ఆపే ఫిల్టర్ ముందుకే ఊడిరావాల. మా వీధి చివర బండలు పాలిష్ పట్టే మిషన్ ఉండాది గదా, వారానికే తెల్లగా పేరుకుంటాది. అడుగు ఫిల్టర్ తీయాలంటే నీళ్లతో నిండిన క్యాబినెట్‌ను ఎవరు ఎత్తుతారు?

అన్నిటికంటే కిందుండే చోట నీళ్లు వదిలే వాల్వుకు జాగా ఉండాదో లేదో చూసుకో. నేను అది మర్చిపోయి, నీళ్లు మార్చాల్సొచ్చినప్పుడు క్యాబినెట్‌ను బండల మీద పక్కకు ఒరగబెట్టి, కింద బొచ్చె పెట్టుకున్యా. మా యమ్మ తిట్లు నీకు రాయలేను. బోరు నీళ్లు మాత్రం పోయొద్దు, డిస్టిల్డ్ వాటరే.

శనివారం రా. కారం దోశ తిని, రేడియేటర్ సైజుకు అట్ట కత్తిరించుకొని అంగడికి పోదాం. టేపు నేను తెస్తా.

ఆ పాత క్యాబినెట్టా? మా అక్క కూతురు బొమ్మలు పెట్టుకునింది. అద్దం గదా, బాగా కనబడతాండాయి.

నీ దోస్తు