బొమ్మ లేని వ్యాఖ్యానం తెలుగులోనూ కావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

ఏటా ఐపీఎల్ మొదలయ్యే నాటికి క్రికెట్ ప్రసారాల్లోని తెలుగు వ్యాఖ్యానం మీద చర్చ కూడా మొదలవుతుంది. ఉచ్చారణ బాగాలేదనీ, ఇంగ్లిషు మాటలు ఎక్కువయ్యాయనీ, సినిమా డైలాగులతో ఆటను ముంచేస్తున్నారనీ కొందరు, అసలు తెలుగులో వినబడటమే భాగ్యం కదా అని మరికొందరు రాస్తుంటారు. ఆ వాదంలో నేను ఏ పక్షానా చేరదలచుకోలేదు. అందులో అంతగా ప్రస్తావనకు రాని ఒక సంగతిని మీ పత్రిక ద్వారా మన ప్రసార సంస్థల ముందు ఉంచాలనుకుంటున్నాను. యాప్‌లలోనూ, ఛానెళ్లలోనూ మనకు తెలుగులో దొరుకుతున్నది బొమ్మ చూస్తూ వినే వ్యాఖ్యానం. బొమ్మే లేనివాళ్ల కోసం చెప్పే వ్యాఖ్యానం వేరే విద్య. ఈ తేడా నాకు తెలిసివచ్చింది క్రికెట్ వల్ల కాదు. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో పన్నెండేళ్లుగా సాయంత్రం పూట రేడియోలోనూ, ఫోన్‌లోనూ వింటున్న బేస్‌బాల్ వల్ల.

మాది తెనాలి. ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చిన తొలి వేసవిలో ఈ ఆట టీవీలో చూసి, రెండు మూడు రోజులకే విసుగెత్తి కట్టేశాను. పక్కింటి పెద్దాయన ఉక్కు కర్మాగారంలో పని చేసి రిటైరైనవారు. ఇంటి ముందు కుర్చీ వేసుకుని, చిన్న రేడియో పక్కన పెట్టుకుని, ఈ ఊరి జట్టు పైరేట్స్ ఆడే ఆటలన్నీ వినేవారు. నేను గడ్డి కోస్తుంటే ఆ మాటలు చెవిన పడుతుండేవి. అర్థం కానిది అడిగితే ఆయన రేడియో తగ్గించకుండానే, రెండు బంతుల మధ్య దొరికిన సందులో చెప్పేవారు. 1993 నుంచి 2012 దాకా వరసగా ఇరవై ఏళ్లు గెలుపుల కంటే ఓటములే ఎక్కువ మూటగట్టుకున్న జట్టు అది. ఆ ఇరవై ఏళ్లూ ఆయన వింటూనే ఉన్నారట. ఎందుకని అడిగితే, ఆట పోయినా కబుర్లు బాగుంటాయి కదా అన్నారు.

వారం మధ్యలో సొంత మైదానంలో ఆట సాధారణంగా సాయంత్రం 6 గంటల 40 నిమిషాలకు మొదలవుతుంది. ఆ వేళకు నేను వంటింట్లో ఉంటాను. రేడియోను పోపుల డబ్బాకు ఆనించి పెడితే, పప్పు ఉడికేలోగా వ్యాఖ్యాత మైదానమంతా నా ముందు పరిచేస్తాడు. కుడివైపు గోడ అవతల అలెగెనీ నది ఏ రంగులో ఉందో, జెండాలు ఎటు ఎగురుతున్నాయో, పిచ్చర్ నీడలో నిలబడి విసురుతుంటే బ్యాటర్ కంట్లో ఎండ పడుతోందో లేదో ముందే తెలిసిపోతుంది. తర్వాత లెక్క మొదలవుతుంది. ఈ ఆటలో కొట్టదగిన చోటు తప్పి వచ్చి, బ్యాటర్ కొట్టకుండా వదిలిన బంతి ‘బాల్’. అలాంటివి నాలుగు పడితే అతను ఊరికే మొదటి బేస్‌కు, అంటే పరుగు దారిలోని మొదటి మజిలీకి, నడిచి వెళ్తాడు. కొట్టబోయి తప్పినదీ, కొట్టదగినదై ఉండీ వదిలేసినదీ ‘స్ట్రైక్’. అవి మూడు పడితే అవుటవుతాడు. కాబట్టి ‘మూడు, రెండు’ (మూడు బాల్స్, రెండు స్ట్రైకులు) అని వినబడగానే తర్వాతి బంతితో ఏదో ఒకటి తేలవచ్చని వినేవాడికి అర్థమై, చేతిలోని గరిటె ఆగిపోతుంది. ఎన్నో ఇన్నింగ్స్ (ఆటకు తొమ్మిదుంటాయి), ఎందరు అవుట్, ఏ బేస్‌లో ఎవరున్నారు, స్కోరెంత అన్నది రేడియో మనిషి మాటిమాటికీ చెబుతూనే ఉంటాడు, ఎందుకంటే ఆ క్షణంలోనే ఎవరో కారెక్కి రేడియో పెట్టి ఉంటారు. వెనకటి తరంలో పేరుపొందిన రెడ్ బార్బర్ అనే వ్యాఖ్యాత స్కోరు చెప్పడం మరిచిపోకుండా మూడు నిమిషాల ఇసుక గడియారాన్ని ఎదురుగా పెట్టుకుని, ఇసుక జారిపోయినప్పుడల్లా స్కోరు చెప్పి దాన్ని తిరగేసేవాడు. మన టీవీ వ్యాఖ్యానంలో పది నిమిషాలు కళ్లు మూసుకుని వింటే స్కోరు ఎన్నిసార్లు వినబడుతుందో పాఠకులు ఒకసారి పరీక్షించి చూడండి. అది తెర మీద ఒక మూల ఎప్పుడూ ఉంటుంది కాబట్టి చెప్పాలన్న ధ్యాసే ఉండదు.

వ్యాఖ్యాతల గదిలో సాధారణంగా ఇద్దరుంటారు. ఒకరు ఆటను చెబుతారు, మరొకరు, తరచుగా మాజీ ఆటగాడు, దాని లోగుట్టు విప్పుతారు. మన బుర్రకథ తెలిసినవారికి ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. కథకుడు కథ నడుపుతుంటే పక్కనున్న వంత సమయం చూసి ప్రశ్న వేయడం, నవ్వించడం, కథ పట్టు సడలకుండా మళ్లీ అతనికే అప్పగించడం ఇక్కడా కనిపిస్తాయి. ఇద్దరూ ఒకేసారి అరవరు. మధ్యలో కాసేపు ఎవరూ మాట్లాడరు. జనం గుసగుస, వేరుశనగకాయలు అమ్మేవాడి కేక మాత్రమే వినబడతాయి. ఆ నిశ్శబ్దం కూడా వ్యాఖ్యానమేనని నా అభిప్రాయం. 2023లో పిచ్ క్లాక్ వచ్చి, బేస్‌ల మీద ఎవరూ లేనప్పుడు పిచ్చర్ 15 సెకన్లలోగా బంతి విసరడం మొదలుపెట్టాలన్న నియమం పెట్టాక ఈ సందులు కుంచించుకుపోయాయి. ఆట సగటు నిడివి సుమారు 3 గంటల 4 నిమిషాల నుంచి 2 గంటల 40 నిమిషాలకు తగ్గింది. ఉదయాన్నే ఆఫీసుకు వెళ్లాల్సినవాణ్ణి కనుక నాకది మంచిదే. కాని పాత ఆటగాడి కథ మొదలుపెట్టి రెండు ఇన్నింగ్స్ తర్వాత ముగించే వ్యాఖ్యాతలు ఇప్పుడు ఊపిరి తీసుకోవడానికే అవస్థ పడుతున్నారు.

ఆన్‌లైన్ ప్రసారం వచ్చాక ఒక చిత్రం జరుగుతోంది. పెద్దాయన రేడియోలో వినబడిన మాట నా ఫోన్‌కు చేరేసరికి అర నిమిషానికి పైగా ఆలస్యమవుతుంది. నా ఫోన్‌లో బ్యాటర్ ఇంకా చేతులు దులుపుకుంటుండగానే కిటికీలోంచి ఆయన కేక వినబడి, బంతి గోడ దాటిందని ముందే తెలిసిపోతుంది. అందుకే సొంత జట్టు ఆటకు ఇప్పటికీ పాత రేడియోనే తీస్తాను. రాత్రి 10 ప్రాంతంలో పశ్చిమ తీరంలో ఆటలు మొదలవుతాయి. అప్పుడు మాత్రం ఫోనే గతి. శాన్‌ఫ్రాన్సిస్కో జట్టుకు 1997 నుంచి చెబుతున్న జాన్ మిల్లర్ గొంతు వింటూ నిద్రపోయిన రాత్రులు చాలా ఉన్నాయి. చందాల సంగతి కూడా చెప్పాలి. ఏ ఊరి జట్టు వీడియో హక్కులు ఆ ఊరి ఛానెల్ చేతిలో ఉండటం వల్ల, దేశమంతటి ఆటలూ చూపించే ఆన్‌లైన్ చందాలో సొంత జట్టు ఆటే ప్రత్యక్షంగా రాకపోవడం ఇక్కడివారికి చాలాకాలంగా ఉన్న బాధ. ఆడియోకు ఆ అడ్డు లేదు. అన్ని జట్ల రేడియో ప్రసారాలూ ఏడాదికి సుమారు 30 డాలర్లకు దొరుకుతాయి.

ఈ నగరానికి రేడియోతో ఉన్న బంధం పాతది. 1921 ఆగస్టు 5న ఇక్కడి ఫోర్బ్స్ ఫీల్డ్ మైదానంలో హెరాల్డ్ ఆర్లిన్ అనే పాతికేళ్ల యువకుడు టెలిఫోన్‌నే మైకుగా మార్చుకుని, పైరేట్స్ 8–5 తేడాతో ఫిలడెల్ఫియాను ఓడించిన ఆటను కేడీకేఏ రేడియోలో చెప్పాడు. బేస్‌బాల్ ఆట రేడియోలో ప్రత్యక్షంగా వినబడటం అదే మొదలు. ఆ మైదానాన్ని ఆ తర్వాత పడగొట్టేశారు. గోడలో కొంత భాగం మాత్రం విశ్వవిద్యాలయ ప్రాంగణంలో మిగిలింది. 1960 అక్టోబర్ 13న అక్కడే, ఆ ఏటి విజేతను తేల్చే వరల్డ్ సిరీస్ ఏడో ఆటలో, పైరేట్స్ ఆటగాడు బిల్ మజరాస్కీ కొట్టిన హోమ్ రన్‌తో (బంతిని గోడ దాటించే దెబ్బతో) పైరేట్స్ 10–9తో న్యూయార్క్ యాంకీస్‌పై గెలిచారు. ఇప్పటికీ ఏటా అదే రోజు అభిమానులు ఆ గోడ దగ్గర చేరి, అలనాటి రేడియో రికార్డింగును మధ్యాహ్నం నుంచి పెట్టి, సరిగ్గా 3 గంటల 36 నిమిషాలకు ఆ హోమ్ రన్ వినబడేలా చూసుకుంటారు. ఆ రికార్డింగులో వ్యాఖ్యాత చక్ థాంప్సన్ ఉద్వేగంలో పిచ్చర్ పేరు తప్పు చెప్పాడు. స్కోరును కూడా ముందు 10–0 అనేశాడు. నేను రెండుసార్లు వెళ్లాను. ఆ తప్పులు వచ్చేచోట అందరూ నవ్వుతారు, కళ్లు తుడుచుకునేవారూ ఉంటారు. అప్పటికి పుట్టనివారే ఎక్కువ.

టీవీ మాటలనే రేడియోకు అతికిస్తే సరిపోదా అనేవారికి టొరొంటో అనుభవం చెప్పాలి. 2021లో బ్లూ జేస్ జట్టు ప్రసారకర్తలు ప్రత్యేక రేడియో బృందాన్ని తీసేసి, టీవీ వ్యాఖ్యానాన్నే రేడియోలో వినిపించారు. బంతి ఎటు పోయిందో, ఎవరు పట్టారో తెలియక శ్రోతలు మండిపడ్డారు. మరుసటి ఏడాది రేడియో వ్యాఖ్యానం మళ్లీ వచ్చింది.

మన భాషలో ఈ ఆటలకు మాటలెక్కడివి అనే అభ్యంతరమూ వినబడుతుంది. అలాంటివారు హైమే హరీన్ అనే వ్యాఖ్యాతను తలచుకోవాలి. అతను ఈక్వడార్‌లో పుట్టి, 1955లో అమెరికాకు వచ్చేదాకా బేస్‌బాల్ అంటే ఎరగనివాడు. 1959 నుంచి 2022 దాకా లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ ఆటలను స్పానిష్ రేడియోలో చెప్పాడు. తొలినాళ్లలో జట్టు పొరుగూళ్లకు వెళ్తే ఆయన స్టూడియోలోనే కూర్చుని, ఇంగ్లిషు వ్యాఖ్యానం వింటూ అప్పటికప్పుడు స్పానిష్‌లో ఆటను మళ్లీ కట్టి చెప్పేవాడు. మైదానం కంటికి కనబడకుండానే లక్షల మందికి కనబడేలా చేశాడు. అలా చెప్పగా చెప్పగా మాటలు వాటంతట అవే పుట్టుకొస్తాయి.

మనకు ఆ వనరు లేదనలేం. ఆకాశవాణి నాటకాల్లో తలుపు చప్పుడుతోనూ, గొంతు మార్పుతోనూ ఇల్లంతా కళ్లకు కట్టించిన వారసత్వం మనది. పాతికేళ్ల కిందట మా తెనాలిలో టీ కొట్టు ముందు నిలబడి, సగం అర్థమయ్యే హిందీలో, పావు అర్థమయ్యే ఇంగ్లిషులో వచ్చే క్రికెట్ వ్యాఖ్యానాన్ని విన్నవాళ్లం. నా కోరిక పెద్దదేమీ కాదు. క్రికెట్, కబడ్డీ ప్రసారం చేసే యాప్‌లలో తెలుగు ఆడియో మాత్రమే వినిపించే మీట ఒకటి పెట్టి, దానికి టీవీ బృందాన్ని కాక వేరే ఇద్దరిని కూర్చోబెట్టాలి. ఫీల్డర్లు ఎక్కడున్నారో, బంతి ఏ ఎత్తులో ఎటు పోయిందో, స్కోరెంతో చెప్పడం వాళ్ల మొదటి బాధ్యత కావాలి. కొట్లో కూర్చున్నవారు, రాత్రిపూట కాపలా పనిచేసేవారు, నెలాఖరుకు డేటా చాలనివారు, చూపు లేనివారు, అందరికీ అది అందుతుంది. అన్ని ఆటలకూ కాకపోయినా, మన రెండు రాష్ట్రాల జట్లు ఆడే రంజీ మ్యాచ్‌లతో మొదలుపెట్టినా చాలు.

ఈ ఉత్తరానికి సొంత కారణం కూడా ఉంది. మా నాన్నగారికి నీటికాసుల వల్ల చూపు బాగా తగ్గింది. తెనాలిలో ఆయన ఇప్పటికీ మ్యాచ్ పెట్టించుకుని టీవీ ముందు కూర్చుంటారు. వ్యాఖ్యాత ‘అదిరిపోయింది, ఏం కొట్టాడు!’ అని అరుస్తాడు కాని ఎటు కొట్టాడో చెప్పడు. అందుకని క్రికెట్ అంటే ఏమాత్రం ఆసక్తి లేని మా అమ్మే ఆయన పక్కన కూర్చుని చెబుతోంది. మొన్న ఫోన్ చేసినప్పుడు వెనక నుంచి వినబడింది: “పసుపు చొక్కావాడు కొట్టాడండీ, నీలం చొక్కావాడు పరిగెత్తి కింద పడ్డాడు, బంతి వాడి చేతిలోనే ఉంది.” నాన్నగారు వెంటనే, “అయితే అవుటే, స్కోరు చెప్పు” అన్నారు.

భవదీయుడు,
మీ పాఠకుడు,
పిట్స్‌బర్గ్, పెన్సిల్వేనియా