అజినోమోటో సంగతి సరే, అన్నం ఎప్పటిది?

సంపాదకుల వారికి నమస్కారం.

ఇంటికి దగ్గర్లోని చైనీస్ రెస్టారెంట్‌లో బల్ల ముందు కూర్చోగానే, మెనూ ఇంకా తెరవకముందే, చాలామంది వెయిటర్‌ను అడిగే ప్రశ్న ఒకటుంది: ‘అజినోమోటో వేస్తారా?’ వేయం అని అతను చెబుతాడు. చాలాచోట్ల ఆ మాట అద్దం తలుపు మీద ముందే అంటించి ఉంటుంది కూడా. అడిగినవారికి తృప్తి, చెప్పినవారికి బేరం. అంతటితో విచారణ ముగుస్తుంది. నిజానికి అడగవలసినవి అక్కడి నుంచే మొదలవుతాయనీ, ఆహారం మీద శీర్షికలు నడిపే మీ వంటి పత్రికలు పాఠకుల దృష్టిని అటు మళ్లించాలనీ కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

అజినోమోటో అని మనం వాడుకగా అనేది మోనోసోడియం గ్లుటమేట్ అనే రుచి పెంచే పొడి. టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన కికునే ఇకెడా, కొంబు అనే సముద్రపు నాచుతో కాచిన చారుకు ఆ రుచి ఎక్కడిదో వెతుకుతూ, 1908లో గ్లుటమేట్‌ను వేరుచేశారు. మరుసటి ఏడాదే అది అమ్మకానికి వచ్చింది. దాని మీద పెద్ద అనుమానం పుట్టింది 1968లో. ఆ ఏడాది ఏప్రిల్‌లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’ రాబర్ట్ హో మాన్ క్వాక్ అనే వైద్యుడి లేఖను అచ్చువేసింది. చైనీస్ రెస్టారెంట్లలో తిన్న కాసేపటికి తనకు మెడ వెనుక తిమ్మిరి, నీరసం, గుండె దడ వస్తున్నాయని ఆయన రాశారు. సోయా సాస్, వంటలో పోసే వైన్, ఎక్కువైన ఉప్పు, గ్లుటమేట్, వీటిలో ఏదైనా కారణం కావచ్చునన్నారే తప్ప ఏదీ తేల్చలేదు. దానికి పెట్టిన ‘చైనీస్ రెస్టారెంట్ సిండ్రోమ్’ అన్న శీర్షిక మాత్రం లేఖను దాటి జనంలోకి వెళ్లిపోయింది. ఒక సంపాదకుడికి అందిన ఒకే ఒక్క లేఖ ఇన్ని వేల వంటిళ్లకు ఇన్ని దశాబ్దాల అపవాదు తెచ్చిందంటే, మరో సంపాదకుడికి లేఖ రాస్తున్న నాకు కలం కదపడానికి కాస్త జంకుగానే ఉంది.

తర్వాత వచ్చిన ఫలితాలు ఆ శీర్షికను బలపరచలేదు. 1969లో అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు పెద్ద మోతాదులో గ్లుటమేట్‌ను సూదితో ఎక్కించి చేసిన ప్రయోగం భయాన్ని పెంచింది గానీ, మనం బల్ల దగ్గర కూర్చుని తినే తీరుకూ దానికీ పోలిక లేదు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ కోరిక మీద 1995లో వెలువడిన నిపుణుల నివేదిక, వేరే ఆహారమేదీ లేకుండా ఒకేసారి 3 గ్రాములు, అంతకు మించి తీసుకుంటే కొద్దిమందిలో తలనొప్పి, తిమ్మిరి, మగత వంటివి కాసేపు కనిపించవచ్చని చెప్పింది. గ్లుటమేట్ వేసిన వంటకంలో ఒకరి వాటాకు మామూలుగా వచ్చేది అర గ్రాముకు లోపే. తమకు అది పడదని చెప్పుకున్న 130 మందిని పరీక్షించి 2000లో ప్రచురించిన అధ్యయనంలో, తిరిగి ఇచ్చి చూసినప్పుడు ఆ లక్షణాలు నిలకడగా కనిపించలేదు. అలాగని హద్దే లేదని నేననను. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2017లో శరీర బరువులో కిలోకు రోజుకు 30 మిల్లీగ్రాముల పరిమితిని సూచించింది. తనకు పడదనుకున్న మనిషి వద్దనడంలో తప్పు లేదు. ఆ చిటికెడు మానడం వంటవాడికి కష్టమూ కాదు.

కానీ పండిన టమాటాలోనూ, పుట్టగొడుగుల్లోనూ, తల్లిపాలలోనూ సహజంగా ఉన్నది ఆ గ్లుటమేటే. చిప్స్ పొట్లాల మీద, సూప్ పొడుల మీద చిన్న అక్షరాల్లో ఇ621 అని కనిపించేదీ ఇదే. పిల్లవాడి చేతికి చిప్స్ పొట్లం ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకుని వెయిటర్‌ను నిలదీసేవారిని చూసినప్పుడు, వారి అనుమానం పదార్థం మీద కాదు, ఆ వంటింటి మీదనే అనిపిస్తుంది. దాని వల్ల మరో నష్టమూ ఉంది. గ్లుటమేట్ మానేసిన వంటవాడు రుచి తగ్గకుండా ఉప్పో సోయా సాసో మరో గరిటెడు పోస్తాడు. గ్లుటమేట్‌లో సోడియం 12 శాతమే. మామూలు ఉప్పులో అది 39 శాతం.

ఇక నిజంగా అడగవలసినది అన్నం గురించి. ఫ్రైడ్ రైస్‌కు ముందే వండి చల్లార్చిన అన్నం వాడటం మోసం కాదు, ఆ వంట పద్ధతే అది. వేడి అన్నం వోక్‌లో, అంటే లోతైన చైనీస్ మూకుడులో, వేస్తే ముద్దవుతుంది. చల్లబడ్డాక మెతుకులోని పిండి పదార్థం గట్టిపడి, పైతడి ఆరి, పెద్ద మంట మీద గరిటె తిప్పుతుంటే దేనికది విడిపోతుంది. కాబట్టి ఎప్పటి అన్నమన్నది ఒక్కటే చాలదు. అది ఫ్రిజ్‌లో ఉందా, లేక పొయ్యి పక్కన పెద్ద గిన్నెలో, పైన తడిగుడ్డ కప్పి, మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా గోరువెచ్చగా ఉందా అన్నది తెలియాలి. బియ్యంలో బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉండవచ్చు. అన్నం ఉడికినా అవి చావవు. వెచ్చదనంలో గంటల తరబడి వదిలేస్తే మేల్కొని, పెరిగి, వాంతులు తెప్పించే విషాన్ని తయారుచేస్తాయి. 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటన్నర ఉంచినా ఆ విషం చెడిపోదు. అలాంటిది వోక్‌లో రెండు మూడు నిమిషాలు, మంట ఎంత ఎత్తుకు లేచినా, దాన్ని ఏం చేయగలదు? తిన్న అరగంట నుంచి ఆరు గంటల లోపు వాంతులు మొదలవుతాయి, ఒక రోజులో తగ్గిపోతాయి. 1970ల తొలి సంవత్సరాల్లో బ్రిటన్‌లో చైనీస్ రెస్టారెంట్ల అన్నంతో ముడిపడిన ఇలాంటి కేసులు వరుసగా బయటపడ్డాకే దీని మీద శ్రద్ధ పెరిగింది. విచిత్రమేమిటంటే, ఈ రోజుకీ అలా ఇబ్బంది పడ్డవాడు మర్నాడు పొద్దున తిట్టేది అజినోమోటోనే. అన్నం గిన్నె జోలికి ఎవరూ పోరు.

బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ సలహా ప్రకారం వండిన అన్నాన్ని వీలైతే గంటలోపు చల్లార్చాలి, ఫ్రిజ్‌లో ఒక రోజుకు మించి ఉంచకూడదు, ఒకసారికి మించి వేడి చేయకూడదు. వెడల్పాటి పళ్లెంలో పలుచగా పరిస్తే అన్నం త్వరగా చల్లారుతుంది. పెద్ద గిన్నెలో కుదించి పెడితే నడుమ చాలాసేపు వెచ్చగానే ఉండిపోతుంది. ఇందుకు కొత్త యంత్రాలేవీ అక్కర్లేదు, నాలుగు పళ్లేలు, ఫ్రిజ్‌లో ఒక అర చాలు. ఈ బాధ్యత మనకూ ఉంది. తినగా మిగిలిన ఫ్రైడ్ రైస్‌ను పార్సిల్ కట్టించుకుని, దారిలో మరో రెండు పనులు చూసుకుని, రాత్రంతా వంటింటి గట్టు మీద వదిలేసి, పొద్దున వేడి చేసుకు తినేవారికి ఏ రెస్టారెంటూ పూచీ పడజాలదు.

ఉప్పు విషయం అంకెలతోనే తేలిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు రోజు మొత్తానికి 2000 మిల్లీగ్రాముల లోపు సోడియం చాలంటుంటే, ఒక్క టేబుల్ స్పూన్ సోయా సాస్‌లోనే సుమారు 900 ఉంటుంది. కాబట్టి బల్ల మీది సీసాను రుచి చూడకముందే వంచడం మానాలి. గోధుమ పడనివారు సోయా సాస్‌లో సాధారణంగా గోధుమ ఉంటుందని గుర్తుంచుకోవాలి. శాకాహారులు కూరగాయల వంటకంలో ఆల్చిప్పలతో చేసే ఆయిస్టర్ సాస్ పోస్తారేమో, సూప్‌ను కోడి ఎముకల నీళ్లతో కాస్తారేమో, ఒకే వోక్‌లో అన్నీ వేయిస్తారేమో ఆర్డర్ ఇవ్వకముందే కనుక్కోవాలి. చాలామంది ఈ మాటలు సగం తిన్నాక అడుగుతారు.

వీధి చివరి చిన్న రెస్టారెంట్లను భయపెట్టడానికి ఇదంతా రాయడం లేదు. ఆ మంట, ఆ వేగం, పొగలు కక్కుతూ బల్ల మీదికి వచ్చి నలుగురూ పంచుకు తినే ఆ పళ్లెం, ఇవి ఇంటి పొయ్యి మీద సాధ్యం కావు; నేనూ వాటి కోసమే వెళ్తాను. అన్నాన్ని సరిగ్గా చల్లార్చి దాచే యజమాని ఆ మాట అడిగితే నొచ్చుకోడు, వీలుంటే లోపలికి పిలిచి చూపిస్తాడు కూడా. ‘అజినోమోటో వాడం’ అన్న కాగితం పక్కనే ‘అన్నం వండిన వేళ’ అని మరో పలక వేలాడదీస్తే అతనికి ఖర్చేమీ కాదు, మనకు పనికొస్తుంది.

మీ పత్రికకు నా విన్నపం ఒక్కటే. ఇకమీద ఆరోగ్య శీర్షికలో అజినోమోటో ప్రస్తావన వచ్చినప్పుడు ‘విషం’ అన్న మాట వేయడానికి ముందు, ఎంత మోతాదులో, ఎవరికి, ఏ పరీక్షలో అన్న మూడు వివరాలనూ ఇవ్వమని రచయితలను అడగండి. అదే పుటలో వండిన అన్నం నిల్వ గురించి, వేసవి రాకముందే, ఒక వ్యాసం వేయించండి.

భవదీయుడు,
ఒక పాఠకుడు