ఓపీ చీటీ దగ్గరే మొదలు

విశాఖపట్నం

రమణా,

గాజువాకలో క్లినిక్ పెడుతున్నావని తెలిసి ఎంత సంతోషమేసిందో! గే, లెస్బియన్, ట్రాన్స్ వాళ్లలో దిగులు, నిద్రలేమి ఎందుకెక్కువని అడిగావు కదా. వాళ్ల పుట్టుకలో ఏ జబ్బూ లేదురా. రోజంతా తమని తామే కాపలా కాసుకోవడమే కారణం. ఆటోలో ఎవరు చూస్తున్నారో, ఆఫీసులో నోరు జారిందేమో, ఇంట్లో ఫోన్ ఎవరు తీశారో! ఒళ్లు అలా బిగుసుకునే ఉంటే నిద్ర ఎక్కడిది? ఇలన్ మేయర్ అనే పరిశోధకుడు 2003లో దీన్నే మైనారిటీ స్ట్రెస్, అంటే తక్కువమందిగా ఉన్నవాళ్ల మీద పడే ఒత్తిడి, అనే పేరుతో వివరించాడు. అవమానం, అది జరుగుతుందేమోనన్న ఎదురుచూపు, దాచుకోవడం, చివరికి లోకం మాటే నిజమని తామూ నమ్మేయడం. నాకు ఆఖరిదే ఎక్కువ భయం.

నీ చేతిలో ఉన్నది మాత్రం ఓపీ. చీటీ మీద మగపేరు, ఎదురుగా చీర కట్టుకున్న మనిషి. కాంపౌండరు ఆ పేరు హాలంతా వినబడేలా పిలుస్తాడు, అందరూ తలతిప్పి చూస్తారు. ఆవిడ ఇక రాదు, దగ్గు నెలల తరబడి తగ్గకపోయినా రాదు. అందుకే చీటీలో ‘పిలవాల్సిన పేరు’ అని ఒక గడి పెట్టు, టోకెన్ నంబరుతో పిలిపించు. జ్వరమని వస్తే జ్వరమే చూడు, ఆపరేషనైందా అని అడగకు.

ఆలస్యం ఎంత చేటో చూడు. సోమవారం రాత్రి కండోమ్ చిరిగిన కుర్రాడు, తిడతారని గురువారం రాత్రి దాకా ఆగితే 72 గంటలు అయిపోయినట్టే. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే పెప్ మందులు ఆలోపే మొదలవ్వాలి, ఎంత ముందైతే అంత మంచిది. తర్వాత 28 రోజులు మానకూడదు. రిపోర్టు కోసం మొదటి డోసు ఆపొద్దు. కేజీహెచ్‌లో హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటరుంది, వెంటనే పంపు.

డాక్టరు దగ్గర మొహం చెల్లక కొందరు ట్రాన్స్ మహిళలు ఆడ హార్మోన్ కోసం మందుల షాపులో గర్భనిరోధక మాత్రలు కొని ఇష్టమొచ్చినన్ని మింగుతారు. వాటిలోని ఇథినైల్ ఎస్ట్రాడయాల్ అనే హార్మోన్ వల్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పుంది, సిగరెట్ తోడైతే మరీనూ. ఒక పిక్కే వాచి నొప్పెడుతున్నా, ఉన్నట్టుండి ఆయాసమొచ్చినా అది అత్యవసరం. ‘ఏం వాడుతున్నావమ్మా’ అని మెల్లగా అడుగు, తిడితే దాచేస్తారు. మగ హార్మోన్‌ని అణచడానికి స్పైరనోలాక్టోన్ వాడుతుంటే రక్తంలో పొటాషియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడాలి. ట్రాన్స్ పురుషుడికి గర్భసంచి ఉంటే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష కూడా తప్పదు.

‘మావాణ్ణి మార్చండి’ అని తల్లిదండ్రులు వస్తారు. వాళ్లకీ కుర్చీ వేసి కూర్చోబెట్టు, కానీ ఆ పని ఒప్పుకోకు. స్వలింగ ఆకర్షణని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల జాబితా నుంచి తీసేసింది. మార్చే చికిత్స చేస్తే వృత్తి దుష్ప్రవర్తన అని 2022లో జాతీయ మెడికల్ కమిషన్ తేల్చింది. పిల్లాడు చావు మాటెత్తితే ఒంటరిగా వదలకండని వాళ్లకి చెప్పు, మానసిక సాయానికి ఫోన్ చేసే టెలీ మానస్ నంబరు 14416 రాసివ్వు.

చీటీ అచ్చుకిచ్చేముందు నమూనా నాకు పంపరా, చూసి చెప్తాను.

నీ
శ్రీను